తప్పు రాసినవారిది, తిరుగుడు రోగిది

మధుమేహం, రక్తపోటు, మూత్రపిండాల జబ్బులు వంటి విషయాలు పక్కన పెట్టి ఈసారి పేర్ల గురించి రాస్తున్నాను. ఆరోగ్యానికీ, పేరు రాసే తీరుకూ సంబంధమేమిటని అడిగేవారు ఏదైనా ఒక పెద్దాసుపత్రిలో ఉచిత వైద్యపథకం కౌంటరు దగ్గర ఒక్క పూట నిలబడి చూడాలని కోరుతున్నాను. "ఆధార్‌లో పేరు ఒకలాగ ఉంది, బియ్యం కార్డులో మరొకలాగ ఉంది. సరిచేయించుకొని రండి" అనే మాట అక్కడ తరచుగా వినిపిస్తుంది. ఆ మాట విన్న మనిషి ఎవరు? పుంగనూరు నుండో సత్యవేడు నుండో రెండు బస్సులు మారి, ఆనాటి కూలి మానుకొని, రొమ్ములో గడ్డతో వచ్చిన ఆడమనిషి కావచ్చు. గడ్డ ఎన్నాళ్లుగా ఉంది అన్న ప్రశ్న కంటే ముందే, పేరులో 'హెచ్' అనే ఇంగ్లీషు అక్షరం ఉందా లేదా అన్న ప్రశ్న ఆమెను ఇంటికి పంపుతుంది. ఒక వారం పోతుంది. ఒక్కొక్కసారి నెల పోతుంది. కాన్సరు కణానికి సచివాలయం పనివేళలతో నిమిత్తం లేదు.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. మన కార్యాలయాలూ, ఆసుపత్రులూ పేరు విషయంలో కఠినంగా ఉండవలసిన చోట ఉదాసీనంగానూ, ఉదారంగా ఉండవలసిన చోట కఠినంగానూ ఉన్నాయి. డబ్బు మంజూరు చేసే కౌంటరు దగ్గర ఒక్క అక్షరం తేడా కనిపిస్తే మనిషిని వెనక్కు పంపుతారు. అదే ఆసుపత్రిలో, మంచం దగ్గర, "మునెమ్మ ఎవరమ్మా?" అని ఒక కేక వేసి, ఎవరు పలికితే వారికి సూది గుచ్చుతారు. ఈ వరస తలకిందులు కావాలి. అంతేకాదు, పేరును తప్పుగా నమోదు చేసిన కార్యాలయం ఏదో ఆ కార్యాలయమే తన ఖర్చుతో దానిని సరిచేయాలి. రోగి తిరగకూడదు.

మన జిల్లాల పేర్ల సంగతి తెలియనివారికి ఈ చిక్కు పూర్తిగా బోధపడదు. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకు ముందు ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు ప్రాంతం మనకు వచ్చింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. మనుషులు ఉన్నచోటనే ఉన్నారు, రిజిస్టర్లు మాత్రం చేతులు మారాయి. అందుచేత ఇక్కడ తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు పెట్టుకొనేవారూ, తమిళ పద్ధతిలో తండ్రి పేరులోని మొదటి అక్షరాన్ని ముందు పెట్టుకొనేవారూ ఒకే వీధిలో, ఒక్కొక్కసారి ఒకే ఇంట్లో కనిపిస్తారు. నగరిలోనో కుప్పంలోనో ఒకామె పేరుకు ముందున్న 'కె' అక్షరం పుట్టింటి పేరు కావచ్చు, అత్తింటి పేరు కావచ్చు, తండ్రి పేరు కావచ్చు, భర్త పేరు కూడా కావచ్చు. ఆమెకు తెలుసు. దరఖాస్తు నింపే కుర్రవాడికి తెలియదు. అతడు అడగడు కూడా, ఎందుకంటే అతని తెరమీద ఉన్నవి 'ఫస్ట్ నేమ్', 'లాస్ట్ నేమ్' అనే రెండు గళ్లు మాత్రమే. ఏ దేశపు పేర్లను మనసులో పెట్టుకొని ఆ గళ్లు గీశారో గాని, చిత్తూరు పేర్లను మాత్రం కాదు.

ఇక పేర్ల పోలిక. ముని అనే రెండక్షరాలతో మొదలయ్యే పేర్లు మన దగ్గర ఎన్ని లేవు? మునెమ్మ, మునిలక్ష్మి, మునిలక్ష్మమ్మ, మునిరత్నం, మునిరాజ, మునికృష్ణ, మునస్వామి, మునిశేఖర్. గంగమ్మ జాతర జరిగే ఊళ్లలో గంగమ్మలకూ, గంగులమ్మలకూ, గంగాధరాలకూ కొదవ ఉండదు. చెంగమ్మలు, కుప్పమ్మలు, వళ్ళెమ్మలు, దొరస్వాములు సరేసరి. ఒక వార్డులో ఇరవై మంచాలుంటే ఒకే పేరుగలవారు ఇద్దరు ఉండడం ఇక్కడ వింత కాదు. ముస్లిముల పరిస్థితి మరింత విచిత్రం. షేక్, సయ్యద్, పఠాన్ అనేవి ఊరంతటికీ ఉమ్మడిగా ఉంటాయి, వాటిని ఇంటిపేరు గడిలో వేస్తే ఒక వీధి మొత్తం ఒకే కుటుంబమైపోతుంది. పేరు గడిలో వేస్తే అందరూ షేక్ అనే ఒకే మనిషి అయిపోతారు. ఆ 'షేక్'ను ఇంగ్లీషులో ఎస్-హెచ్-ఎ-ఐ-కె అని ఒకరు, ఎస్-హెచ్-ఇ-ఐ-కె అని ఒకరు, చివర మరొక హెచ్ తగిలించి ఒకరు, చోటు చాలక ఎస్-కె అని మరొకరు రాస్తారు. నలుగురు గుమాస్తాలు, నాలుగు రకాలు. మనిషి మాత్రం ఒక్కడే.

ఈ గందరగోళానికి మూలం ఎక్కడుందో వెతికితే, అది మన ప్రజల నిర్లక్ష్యంలో లేదు, లిపిలో ఉంది. తెలుగు పేరును తెలుగులో రాస్తే తప్పు దొర్లే అవకాశం చాలా తక్కువ. పలికినట్టు రాస్తాము, రాసినట్టు పలుకుతాము. కాని మన రికార్డుల్లో అసలు పేరుగా నమోదయ్యేది ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసినది. ఆ ఇరవై ఆరు అక్షరాల్లో త-ట, ద-డ, న-ణ, ల-ళ తేడాలు లేవు, అచ్చుల పొట్టి పొడుగులు లేవు. అందువల్ల కళావతి అనే పేరు ఇంగ్లీషులో పడి, అక్కడి నుండి యంత్రం ద్వారా మళ్లీ తెలుగులోకి వచ్చేటప్పటికి 'కలవతి' అవుతుంది, 'కాలవతి' అవుతుంది. రాణి 'రని' అవుతుంది. మణి 'మని' అవుతుంది. ఓటర్ల జాబితా చూసినవారందరికీ ఈ వింత తెలుసు. తెలుగు తల్లికి పుట్టి, తెలుగు ఊరిలో పెరిగి, తెలుగులో సంతకం పెట్టే మనిషి పేరు ఇంగ్లీషు పొలిమేర దాటి ఇంటికి వచ్చేసరికి అవయవాలు పోగొట్టుకొని వస్తున్నది. తెలుగును అధికార భాషగా చేస్తూ మన రాష్ట్రం చట్టం చేసినది 1966లో. అర్ధశతాబ్దం దాటినా పౌరుని పేరు అనే ఒక్క విషయంలో కూడా ఆ చట్టం కంప్యూటరు గది గుమ్మం దాటి లోపలికి పోలేదు.

ఇంగ్లీషులో రాయవలసి వస్తే రాయడానికి ఒక పద్ధతి ఉండకపోలేదు. విలియం విల్సన్ హంటర్ పేరుమీద వచ్చిన లిప్యంతరీకరణ పద్ధతి పందొమ్మిదవ శతాబ్ది నుండి ఈ దేశంలో ప్రభుత్వ వాడుకలో ఉంది. ఊళ్ల పేర్లకు కొంతవరకు దానిని పాటిస్తారు. మనుషుల పేర్లకు ఎవరూ పాటించరు. ఆ మాటకొస్తే ఊళ్ల పేర్ల విషయంలో కూడా మన పరువు గొప్పగా లేదు. తిరుపతి వంటి పుణ్యక్షేత్రం పేరును చివర 'టి' పెట్టి కొన్ని బోర్డులమీద, 'టి-హెచ్' పెట్టి మరికొన్ని బోర్డులమీద నేటికీ చదువుకుంటున్నాము. పక్కనున్న కడప పేరును ఇంగ్లీషులో సక్రమంగా రాయడానికి మనకు 2005 దాకా పట్టింది. ఊరి పేరు రెండు రకాలుగా ఉంటే ఊరిని ఎవరూ వెనక్కు పంపరు. మనిషి పేరు రెండు రకాలుగా ఉంటే మాత్రం మనిషినే అనుమానిస్తారు.

ఇప్పుడు వైద్యుడిగా నాకు ముఖ్యమైన సంగతికి వస్తాను. పేరు అనేది చికిత్సలో భాగం. రికార్డుల్లో రెండు రకాల ప్రమాదాలున్నాయి. ఒక మనిషి ఇద్దరుగా నమోదు కావడం మొదటిది. ఇద్దరు మనుషులు ఒక్కరుగా కలిసిపోవడం రెండవది. మొదటిది రోగిని నెమ్మదిగా దెబ్బతీస్తుంది. రెండవది ఒక్కొక్కసారి ఆ పూటకే ప్రాణం తీస్తుంది.

రక్తం ఎక్కించే పనినే తీసుకోండి. కార్ల్ లాండ్‌స్టైనర్ రక్తంలోని గ్రూపులను 1901లో వెల్లడించాడు. గ్రూపు నిర్ణయించే పరీక్ష నేడు ఏ చిన్న ప్రయోగశాలలోనైనా నిమిషాల్లో జరుగుతుంది, పరీక్షలో తప్పు జరగడం అరుదు. గ్రూపు కలవని రక్తం ఎక్కి ప్రాణాపాయం ఏర్పడిన సందర్భాల్లో ఎక్కువ భాగం మనిషిని పొరబడడం వల్ల వచ్చినవే. ఒకరి నమూనా సీసామీద మరొకరి పేరు అంటించడం, ఒకరి సంచి మరొకరి మంచం దగ్గరకు చేరడం, ఇంతే కారణం. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఒకే వార్డులో ఇద్దరు మునెమ్మలు ఉండేవారు. ఒకామెకు రక్తంలో చక్కెర చాలా ఎక్కువ, మరొకామెకు మామూలుగానే ఉన్నది. కాగితాలు తారుమారై, చక్కెర లేని ఆమెకు ఇన్సులిన్ ఇవ్వడానికి సిద్ధమయ్యారు. "నాకు చక్కెర లేదు నాయనా, ఆ పక్కామెకు గదా" అని ఆమె అనడంతో ఆ గండం గడిచింది. ఆమెకు మాట్లాడే శక్తి ఉంది గనుక బ్రతికిపోయింది. స్పృహలేని రోగి ఏమి చెప్పగలడు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో రోగుల భద్రతకు తొమ్మిది మార్గాలు సూచించింది. వాటిలో రోగిని సరిగా గుర్తించడం ఒకటి. మందు ఇచ్చే ముందు, రక్తం తీసే ముందు, రక్తం ఎక్కించే ముందు కనీసం రెండు గుర్తులు సరిచూడాలని, గది నంబరు ఆ గుర్తుల్లో ఒకటిగా పనికిరాదని అందులో స్పష్టంగా ఉంది. మన వార్డుల్లో జరిగేది ఏమిటి? "పన్నెండో నంబరు బెడ్డుకు యాంటీబయాటిక్" అంటారు. పన్నెండో నంబరు మంచంమీద మధ్యాహ్నం ఒకరుంటారు, సాయంత్రం మరొకరుంటారు, రాత్రి ఇద్దరు కూడా ఉంటారు. పుట్టినతేదీని రెండవ గుర్తుగా వాడదామంటే అదీ కుదరదు. మన వృద్ధులలో చాలామంది ఆధార్ కార్డుల్లో పుట్టినతేదీ జనవరి 1 అనే ఉంటుంది. అసలు తేదీ తెలియనివారికి ఆ సంవత్సరం మొదటి రోజు వేసి పంపారు. ఇద్దరు మునెమ్మలు, ఇద్దరూ జనవరి 1న పుట్టినవారే, ఇద్దరిదీ ఒకే మండలం అయినప్పుడు తండ్రి పేరో, ఊరి పేరో అడగాలి, ఆమె చేతనే చెప్పించాలి. "నీ పేరు మునెమ్మే కదా?" అని అడగకూడదు. చెవి సరిగా వినపడని ముసలామె దేనికైనా తల ఊపుతుంది. "నీ పేరు ఏమమ్మా, మీ ఊరు ఏదమ్మా?" అని అడగాలి. ఈ తేడాకు పైసా ఖర్చు లేదు.

పసిబిడ్డల విషయంలో ప్రమాదం ఇంకా ఎక్కువ. పుట్టిన బిడ్డకు పేరుండదు గనుక 'బేబీ ఆఫ్' అని రాసి తల్లి పేరు తగిలిస్తారు. తల్లి పేరునే సగం రాస్తే, లేదా కవలలు పుడితే, చెప్పనవసరం లేదు. న్యూయార్కులోని ఒక ఆసుపత్రి పసిబిడ్డల విభాగంలో, బిడ్డ తాత్కాలిక పేరులో తల్లి సొంత పేరును కూడా చేర్చి రాయడం మొదలుపెడితే, ఒక బిడ్డకు రాయవలసిన మందులు మరొక బిడ్డకు రాసే పొరపాట్లు 36 శాతం దాకా తగ్గినట్లు 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో తేలింది. కొత్త యంత్రం కొనలేదు, కొత్త మందు కనిపెట్టలేదు, పేరు రాసే పద్ధతి మార్చారు.

ఒక మనిషి ఇద్దరైనప్పుడు జరిగే నష్టం కంటికి కనబడదు. క్షయరోగిని చూడండి. నిక్షయ్ పోర్టల్‌లో అతని పేరు నమోదవుతుంది. పోషకాహారం కోసం 2018 ఏప్రిల్ నుండి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుండి 1000 రూపాయలు అతని బ్యాంకు ఖాతాకు చేరాలి. పోర్టల్‌లో ఒక పేరు, బ్యాంకు పుస్తకంలో ఒక పేరు ఉంటే డబ్బు దారిలో ఆగిపోతుంది. మామూలు క్షయకు చికిత్స ఆరు నెలలు. ఆరు నెలలూ గడిచిన తరువాత సరిదిద్దిన పేరుమీద వచ్చే డబ్బుతో గుడ్డు కొని తిన్నా అతని ఊపిరితిత్తులకు ఆలస్యమే. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. మందులు మధ్యలో మానేసి, మరొక ఊరికి కూలికి పోయి, అక్కడ వేరే అక్షరాలతో కొత్త రోగిగా నమోదైనవాడి పాత చరిత్ర వైద్యుడికి కనబడదు. మొండి క్షయ ఎక్కడ మొదలవుతున్నదో మనకు తెలియకుండా పోతుంది.

చిత్తూరువారికి ఇంకొక తిప్పలు ఉంది. పెద్ద జబ్బు వస్తే తిరుపతిలోని రుయాకో, స్విమ్స్‌కో పోయేవారు ఎందరో, సరిహద్దు దాటి రాయవేలూరు పోయేవారూ అందరే. అక్కడి రికార్డుల్లో పేరు తమిళ పద్ధతిలో ఎక్కుతుంది, తండ్రి లేదా భర్త పేరులోని మొదటి అక్షరంతో. ఇక్కడి కార్డులో ఇంటిపేరు ఉంటుంది. ఆ డిశ్చార్జి సమ్మరీ పట్టుకొని ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టుకుంటే, ఈ ఇద్దరూ ఒకరే అని రుజువు చూపమంటారు. నలభై కిలోమీటర్లైనా లేని దూరంలో ఒక మనిషి వేరే మనిషి అయిపోతాడు.

ఇంతవరకు చదివిన ఉద్యోగ మిత్రులు ఒక మాట అంటారని నాకు తెలుసు. "డాక్టరుగారూ, మోసాలు జరుగుతున్నాయి. ఒకరి కార్డుమీద మరొకరు వైద్యం చేయించుకుంటున్నారు. అక్షరం అక్షరం సరిచూడకపోతే ప్రజాధనానికి కాపలా ఎవరు?" ఈ వాదాన్ని నేను తేలికగా తోసిపుచ్చను. మోసాలు ఉన్న మాట నిజమే. కాని కాస్త ఆలోచించండి. మరొకరి కార్డు తెచ్చుకున్నవాడు ఆ కార్డునూ, దానికి సరిపడే కాగితాలనూ కలిపే తెచ్చుకుంటాడు. అతని కాగితాల్లో అక్షరం తేడా ఉండదు. తేడాలన్నీ ఉండేది నిజాయతీగా నాలుగు కార్యాలయాల్లో నలుగురి చేత పేరు రాయించుకున్నవాడి కాగితాల్లోనే. అక్షరాల వలలో చిక్కేది అమాయకుడు, దొంగ కాదు. దొంగను పట్టుకోవాలంటే ఫోటో చూడాలి, ఊరి ఏఎన్ఎంనో ఆశా కార్యకర్తనో అడగాలి, ఇంట్లోవారి పేర్లు చెప్పించాలి.

మరికొందరు, అన్నిటికీ సంఖ్యలున్నాయి కదా, పేరుతో పనేమిటని అంటారు. ఆధార్ సంఖ్య వచ్చింది, 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన డిజిటల్ ఆరోగ్య మిషన్ కింద పద్నాలుగు అంకెల ఆభా సంఖ్య వచ్చింది, బడిపిల్లలకు అపార్ సంఖ్య వచ్చింది. సంఖ్యలు మంచివే. ఆధార్ సంఖ్యలోని పన్నెండవ అంకె ఒక కాపలాదారు. యాకోబస్ వెర్‌హూఫ్ అనే డచ్చి గణితజ్ఞుడు 1969లో రూపొందించిన లెక్క ప్రకారం అది పనిచేస్తుంది. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్కనున్న రెండు అంకెలు తారుమారు చేసినా యంత్రం వెంటనే కాదంటుంది. పేరుకు అటువంటి కాపలా లేదు. వెంకటేశ్వర్లును వెంకటేశ్వరులు అని కొట్టినా, సుబ్బమ్మను సుబ్బయ్య అని కొట్టినా యంత్రం మారు పలకకుండా పుచ్చుకుంటుంది. పేరుకున్న కాపలాదారు ఒక్కరే, ఆ పేరుగల మనిషి. ఆమె ఎదురుగానే కూర్చొని ఉంటుంది. తెర మాత్రం అటువైపు తిరిగి ఉంటుంది. ఇక సంఖ్య వచ్చినంత మాత్రాన పేరు పీడ విరగడ కాలేదన్నదానికి అపార్ నమోదే సాక్ష్యం. బడి రిజిస్టరులోని పేరూ, ఆధార్‌లోని పేరూ కలవలేదని తల్లిదండ్రులు ఆధార్ కేంద్రాల ముందు వరుసలు కట్టవలసి వచ్చింది. కొత్త సంఖ్య వచ్చిన ప్రతిసారీ పాత తప్పు మళ్లీ నిద్ర లేస్తున్నది.

చట్టం ఎవరి పక్షాన ఉందో చూద్దాం. 2016 నాటి ఆధార్ చట్టం 31వ సెక్షన్ ప్రకారం వివరాలు తప్పుగా ఉంటే వాటిని మార్చమని అడగవలసింది కార్డుగల మనిషే. తప్పు చేసినది ఎవరన్న ప్రశ్నే అక్కడ లేదు. పైగా పేరు జీవితకాలంలో రెండుసార్లకు మించి, పుట్టినతేదీ ఒక్కసారికి మించి మార్చడానికి వీలులేదని నిబంధన పెట్టారు. రాసేవాడు ఎన్నిసార్లైనా తప్పు రాయవచ్చు, రాయించుకున్నవాడు రెండుసార్లే దిద్దించుకోవాలి. దీనితో పోల్చితే 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం పెద్దమనిషి తరహాగా ఉంది. దాని 15వ సెక్షన్ ప్రకారం నమోదులో తప్పుందని తేలితే, పాత రాతను చెరపకుండా మార్జిన్‌లో దిద్దుబాటు రాసి, తేదీ వేసి, సంతకం చేసే అధికారం రిజిస్ట్రారుకు ఉంది. పాతదీ కనబడుతుంది, కొత్తదీ కనబడుతుంది, దిద్దినవారెవరో కూడా కనబడుతుంది. కేస్ షీటులో వైద్యుడు తప్పును దిద్దవలసిన పద్ధతి కూడా సరిగ్గా ఇదే. ఈ పద్ధతిని అన్ని రికార్డులకూ ఎందుకు వర్తింపజేయకూడదు?

గెజిటెడ్ అధికారి హోదా ఉన్నందువల్ల ఇటువంటి ధ్రువపత్రాలమీద నేను పెట్టిన సంతకాలకు లెక్కలేదు. ఓపీలో దగ్గుతో వచ్చినవారి వెనుకనే ఫోటో అంటించిన కాగితంతో మరొకరు నిలబడేవారు. "ఈ రెండు పేర్లుగల వ్యక్తి ఒక్కరే" అని నేను సంతకం చేయాలి. ఆమెను నేను ఆనాడే మొదటిసారి చూస్తున్నాను. ఆమె ఎవరో ఆమె ఊరికంతా తెలుసు, కాని ఊరి మాట చెల్లదు, నా ఆకుపచ్చ సిరా చెల్లుతుంది. ఈ తంతులో నిజాన్ని నిర్ధారించేది ఏమీ లేదని సంతకం చేసేవారికీ తెలుసు, తీసుకొనేవారికీ తెలుసు. మధ్యలో నోటరీకీ, స్టాంపు కాగితానికీ, జిరాక్సుకూ, ఆటోకూ ఆమె చేతి డబ్బు కరిగిపోతుంది.

చావు కూడా దీనికి అతీతం కాదు. భర్త పోయిన స్త్రీకి పింఛను రావాలన్నా, బీమా సొమ్ము అందాలన్నా మరణ ధ్రువపత్రం కావాలి. ఆసుపత్రిలో చనిపోయిన మనిషి పేరును అడ్మిషన్ నాటి హడావుడిలో బంధువు ఎవరో చెప్పినట్టు రాసి ఉంటారు. ఇంట్లో పిలిచే పేరు దొరబాబు, కార్డులో పేరు దొరస్వామి. దిద్దమని అడగవలసిన మనిషి లేడు. ఆయన భార్య తాను ఎవరి భార్యనో రుజువు చేసుకోవలసి వస్తుంది. ఆడవారి సంగతి ఇక్కడే కాదు, ఎక్కడైనా ఇంతే. పెండ్లితో ఇంటిపేరు మారుతుంది, కొందరికి అత్తవారు అసలు పేరే మారుస్తారు. తొలికాన్పు రికార్డు పుట్టింటి పేరుమీద, మలికాన్పు రికార్డు అత్తింటి పేరుమీద ఉంటే, మొదటిసారి ఆపరేషను ఎందుకు చేశారో, రక్తస్రావం ఎంత అయిందో రెండవసారి చూసే వైద్యురాలికి తెలిసేది ఎలా?

పేరు అక్షరాలు కలవకపోయినా మనిషిని గుర్తుపట్టే ఉపాయం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. అమెరికాలో రాబర్ట్ రస్సెల్ అనే ఆయన, పేర్లను అక్షరాల ప్రకారం కాక ఉచ్చారణ ప్రకారం వర్గీకరించే పద్ధతికి 1918లోనే పేటెంటు పొందాడు. వలస వచ్చినవారి పేర్లను గుమాస్తాలు తలా ఒక రకంగా రాసిన జనాభా లెక్కల కాగితాలకు 1930లలో ఆ పద్ధతి ప్రకారం సూచికలు తయారు చేశారు. అప్పటికి కంప్యూటరే లేదు. మనిషి పుట్టుక నుండి మరణం దాకా ఉన్న రికార్డులను కలిపి ఒక పుస్తకంగా చూడాలని హాల్బర్ట్ డన్ 1946లో ప్రజారోగ్య పత్రికలో రాశాడు. ఆ పనిలో పేరు ఒక ఆధారం మాత్రమే. వయసు, ఊరు, తల్లి పేరు కలిపి చూసి నిర్ణయించాలి. నూరేళ్ల కిందట అట్టముక్కలతో సాధ్యమైన పని, నేడు మన ప్రభుత్వ సాఫ్ట్‌వేరుకు సాధ్యం కాదంటే అది చేతగానితనం కాదు, అక్కర లేకపోవడం.

కాబట్టి నేను అడుగుతున్నవి ఇవి. బిడ్డ పేరును మొదట తెలుగులోనే, తల్లిదండ్రులు చెప్పినట్టు నమోదు చేయాలి. తమిళం, ఉర్దూ మాట్లాడేవారికి వారి లిపిలో కూడా ఒక గడి ఉండాలి. ఇంగ్లీషు రూపం ఒకే నియమం ప్రకారం అందులోనుండి రావాలి, ఒక్కసారి వచ్చినది అన్ని శాఖలకూ అదే పోవాలి. పేరును ముక్కలు చేసే గళ్లు తీసివేసి, పూర్తి పేరుకు ఒక్క గడి, 'ఇతర పేర్లు' అని మరొక గడి పెట్టాలి. ఎక్కించిన తరువాత తెరను రోగివైపు తిప్పాలి, చదువు రానివారికి చదివి వినిపించాలి. మిగతా వివరాలు సరిపోయి, పేరులో అక్షరం తేడా మాత్రమే ఉంటే వైద్యం ఆ పూటే మొదలుపెట్టి, దిద్దుబాటును కార్యాలయాలు తమలో తాము ఉత్తరాల ద్వారా తేల్చుకోవాలి. అత్యవసర వైద్యానికి ఏ లాంఛనమూ అడ్డురాకూడదని సుప్రీంకోర్టు 1989లోనే, పరమానంద కటారా కేసులో చెప్పింది. ఆ తీర్పు ప్రతి కౌంటరుమీదా అంటించి ఉండవలసినది.

అంతవరకు మనం చేసుకోగలిగినది కొంత ఉంది. కాన్పు జరిగిన 21 రోజుల్లో జననం నమోదు కావాలి. పేరు అప్పటికి నిర్ణయించకపోతే ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్పించవచ్చు. ఆ తరువాత పదిహేనేళ్ల దాకా రుసుముతో వీలుంటుంది. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి బడికీ, ఓటుకూ, పాస్‌పోర్టుకూ పుట్టినతేదీకి ఆధారం జనన ధ్రువపత్రమే గనుక, ఆ ఒక్క కాగితంలో అక్షరం తప్పిందంటే అది బిడ్డతోపాటు పెరుగుతుంది. పేరును నోటితో చెప్పి ఊరుకోకండి, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలతో కాగితంమీద రాసి చేతికివ్వండి. రక్తం ఎక్కించడానికి వచ్చినవారిని, మీ పేరూ, గ్రూపూ సంచిమీద చదివి వినిపించమని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి సమ్మరీలో మందులకంటే ముందు పేరు చూడండి. తప్పుంటే ఆ బల్ల దగ్గరే దిద్దించుకోండి. గుమ్మం దాటితే అదే దిద్దుబాటుకు అఫిడవిట్ తెమ్మంటారు.